ట్రాక్టరుకు బరువు: ముందెంత, వెనుకెంత

మా దేవరకొండ దిక్కు భూములు ఒక్క తీరుగ ఉండవు. గుట్టల కింద ఎర్ర చెల్క, అక్కడక్కడ దుబ్బ, వాగు దాటితే నల్లరేగడి. నీళ్లందిన కాడ వరి, అందని కాడ పత్తి, కంది. బోరు గట్టిగ ఉన్నోళ్లకు బత్తాయి తోట. నా దగ్గర ఉన్నది వెనుక టైర్లు మాత్రమే గుంజే 42 హెచ్‌పీ టూవీల్ డ్రైవ్ ట్రాక్టరు, వెనుక 13.6-28 టైర్లు, ముందు 6.00-16. ఎండాకాలం చెల్క దున్నేది ఇదే, వానాకాలం తిరిగే బ్లేళ్లతోని మన్ను పొడి చేసే రోటావేటరు కొట్టేది ఇదే, హాలియా దిక్కు ఆయకట్టుకు కిరాయికి పోయి కరిగెట (వరి మడిని బురదగ కలుపుడు) చేసేది ఇదే, దసరా దాటినంక పత్తిని జిన్నింగు మిల్లుకు మోసేది ఇదే. ఇంజను మారదు, గేరుబాక్సు మారదు. మారాల్సింది బరువు. ఏ పనికి ఎంత బరువు కావాలె, అది ముందు టైర్ల మీదనా వెనుక టైర్ల మీదనా అన్నది తెలుసుకోకపోతే డీజిలు కాలుతనే ఉంటది, టైరు అరుగుతనే ఉంటది. షోరూముల ఈ ముచ్చట ఎవరూ తియ్యరు. హెచ్‌పీ చెప్తరు, లిఫ్టు ఎన్ని కిలోలు లేపుతదో చెప్తరు, ఫైనాన్సు కిస్తీ చెప్తరు. బండి బరువు ఎంతని అడిగిన రైతును నేనింతవరకు చూడలే.

నాకు ఈ సంగతి మొదలు పట్టుకున్నది చెల్కల గొర్రు కాడ. ఎండాకాలం వానలు ఒకటి రెండు పడ్డంక పత్తికి దుక్కి చేద్దామని తొమ్మిది పండ్ల గొర్రు దింపితే, పైపొర పొడిపొడిగ ఉంటది, లోపల గట్టిగ ఉంటది. పెద్ద టైర్లు గిర్రున తిరుగుతయి, బండి మాత్రం నిదానంగ పోతది. గొర్రు జర పైకి లేపితే ఉరుకుతది, మళ్లీ దింపితే మళ్లీ అదే కథ. దున్నింది చూస్తే బెత్తెడు లోతు లేదు.

మా ఊర్లల్ల దీనికి పాత వైద్యం ఒకటున్నది. గొర్రు మీద ఒక బండరాయి పెట్టుడు, రాయి దొరకకుంటే ఇద్దరు పిల్లగాండ్లను ఎక్కించుడు. ముందు లేస్తున్నదనిపిస్తే బంపరు మీద ఇంకో ఇద్దరు. గొర్రు మీద ఉన్న మనిషి జారితే పోయేది పండ్ల కిందికే. నా బండి మీద ఈ పని బందు పెట్టిన. ప్రాణం సంగతి పక్కన పెట్టినా, లెక్క ప్రకారం గూడ అది ఉల్టా పని. గొర్రు మీద బరువు పెడితే గొర్రు లోతుకు దిగుతది, గుంజుడు భారం పెరుగుతది, టైర్ల మీద మాత్రం పెద్దగ ఏం పెరగదు. స్లిప్, అంటే టైరు ఉత్తగ తిరుగుడు, ఇంకింత ఎక్కువైతది. బరువు కావాల్సింది టైరుకు.

స్లిప్ ఎంత అయితున్నదో ఉత్త కంటితోని చెప్పలేం. కొలిచే పద్ధతి మాత్రం అలకటిది, సుద్దముక్క, రెండు మేకులు చాలు. పెద్ద టైరు పక్కమీద సుద్దతోని గీత గీసిన. గొర్రు దింపి, రోజూ దున్నే లోతుల, రోజూ దున్నే గేరుల బండి నడిపిన. మా తమ్ముడు పక్కపొంటి నడుసుకుంట గీత కిందికి వచ్చిన కాడ ఒక మేకు పాతిండు, టైరు పది సుట్లు తిరిగినంక ఇంకో మేకు పాతిండు. తరువాత గొర్రు లేపి, అదే గేరుల, ఆ రెండు మేకుల నడుమ మళ్లీ నడిపి, ఈసారి టైరు ఎన్ని సుట్లు తిరిగిందో చూసినం. స్లిప్ లేకుంటే మళ్లీ పదే రావాలె. మాకు ఏడు ముప్పావు వచ్చింది. అంటే పదింట్ల రెండుంబావు సుట్లు ఉత్తగ తిరిగినయి, 22 శాతం పైన. చెల్క మీద టూవీల్ డ్రైవ్ బండికి 10 నుంచి 15 శాతం దాక ఉంటే పని సక్కగ సాగుతది.

అసలు స్లిప్పే లేకుండ చేద్దామనుకునేటోళ్లు గూడ ఉన్నరు. అది గూడ మంచిది కాదు. 5 శాతం లోపలికి వచ్చిందంటే బండి మీద అవసరానికి మించి బరువున్నట్టు. ఆ బరువును మోసుకొని తిరుగుడుకే డీజిలు పోతది, నేల అడుగున గట్టిపడి పత్తి వేరు కిందికి దిగదు. గొర్రు రాయికి తగిలినప్పుడు టైరు జారకపోతే ఆ దెబ్బ పోయి వెనుక ఇరుసు గేర్లయిన క్రౌన్ పినియన్ మీద, హబ్బు మీద పడ్తది. మేకులు పాతే ఓపిక లేనోళ్లు దున్నిన సాలు ఎంట పడ్డ టైరు అచ్చు చూడాలె. గుబ్బల గుర్తులు అచ్చుపోసినట్టు అంచులతోని స్పష్టంగ ఉంటే బరువు ఎక్కువున్నట్టు. గుర్తే లేకుండ మన్ను మొత్తం నలిగి చెదిరిపోతే బరువు తక్కువున్నట్టు. గుర్తు కనపడుతుంటే, గుబ్బల నడుమ మన్ను జర వెనుకకు జరిగి ఉంటే సరిగ్గ ఉన్నట్టు. ఇది తెలిసినప్పటి నుంచి ఎవరి చేను పక్కకెళ్లి పోయినా నా కండ్లు టైరు అచ్చు మీదికే పోతున్నయి.

ఇగ బండి బరువు ఎంతో, ఏ టైర్ల మీద ఎంత పడుతున్నదో తెలవాలె. దీనికి వేబ్రిడ్జిని మించింది లేదు. సీజను కాని దినాలల్ల జిన్నింగు మిల్లు కాంటా ఖాళీగ ఉంటది. కాంటా మీదుండే పిల్లగానికి సంగతి చెప్తే మొదలు నవ్విండు. "అన్నా, లోడు లేకుండ బండిని తూకం ఏం చేస్తవే?" అన్నడు. ముందు టైర్లు మాత్రం ప్లేటు మీదికి వచ్చేటట్టు ఆపి, గేరు న్యూట్రల్ చేసి, బ్రేకు వదిలి ఒక తూకం. తరువాత బండి మొత్తం ఎక్కించి ఇంకో తూకం. మొత్తంల నుంచి ముందుది తీసేస్తే వెనుకది వస్తది. ప్లేటుకు, బయటి నేలకు ఎత్తు తేడా ఉంటే లెక్క తప్పుతది, అది చూసుకోవాలె. కాంటా 10 కిలోల మెట్టు మీద చూపిస్తది కాబట్టి కిలో రెండు కిలోల తేడా పట్టించుకునే పని లేదు.

పరికరం లేకుండ నా బండి మొత్తం 1,930 కిలోలు. ముందు 730, వెనుక 1,200. టూవీల్ డ్రైవ్ బండికి లిఫ్టు మీద మోసే పనిముట్లయితే ముందు 35, వెనుక 65 శాతం దగ్గర దగ్గర ఉండాలె. గుంజే పనిముట్లయితే ముందు 25, వెనుక 75. ఆ లెక్కన నా బండి కాయితం మీద బాగనే ఉన్నది. అట్లనే రోటావేటరు తగిలించి, పైకి లేపి మళ్లీ తూకం వేసినం. మొత్తం 2,360 వచ్చింది. ముందు టైర్ల కింద చూస్తే 480 మాత్రమే.

కాంటా పిల్లగాడు అప్పుడు నవ్వు ఆపిండు. రోటావేటరు బరువు 430 కిలోలు. వెనుక టైర్ల మీద పెరిగింది మాత్రం 680. మిగిలిన 250 ముందు టైర్ల మీది నుంచి గుంజుకున్నది. ఇది కావడి లెక్క. భుజం వెనుక వేలాడే బుట్ట ఎంత దూరం ఉంటే ముందు బుట్ట అంత తేలిపోతది. ట్రాక్టరుకు వెనుక ఇరుసే భుజం. మొత్తం బరువుల కనీసం అయిదో వంతు ముందు టైర్ల మీద ఉండాలె, లేకుంటే స్టీరింగు మన చేతుల ఉండదు. నా బండి రోటావేటరుతోని సరిగ్గ ఆ గీత మీద నిలబడ్డది. కాంటా మీద, సదును జాగల అది. గెట్టు ఎక్కేటప్పుడు సంగతి వేరే చెప్పాల్నా?

ముందుకు కాస్టింగు ప్లేట్లు తెచ్చిన. ఒక్కోటి 20 కిలోలు, ఆరు ప్లేట్లు. బంపరు బ్రాకెట్టుకు కొండిలెక్క తగిలి, అడ్డంగ ఒక రాడ్డు దూరి, రెండు దిక్కుల నట్లతోని బిగుస్తయి. కంపెనీ బ్రాకెట్టు ఉన్న బండికి ఇవే మంచివి. మా దిక్కు వెల్డింగు షాపులల్ల చేపిచ్చే బంపర్లు ఉంటయి చూడుండ్రి, కోరమీసాల లెక్క ముందుకు పొడుచుకొచ్చి, మీద ఇంటి దేవుడి పేరు, పిల్లల పేర్లు రాసుకునేటివి. అవి బరువుకు బరువు కాదు, రక్షణకు రక్షణ కాదు. కొందరు సిమెంటు కాంక్రీటు దిమ్మె పోయించి తగిలిస్తరు. ఖర్చు తక్కువే, కాని ఘనపు అడుగు కాంక్రీటు సుమారు 68 కిలోలు తూగుతది, కాబట్టి 120 కిలోలు కావాలంటే రేడియేటరు జాలీకి అడ్డం వచ్చేంత దిమ్మె అయితది. ఎండాకాలం రేడియేటరుకు గాలి ఆపితే ఇంకో రోగం మొదలు.

ప్లేట్లు తగిలించి, రోటావేటరు లేపి మళ్లీ కాంటా ఎక్కినం. మొత్తం 2,480, ముందు 640, వెనుక 1,840. పెట్టింది 120 కిలోలయితే ముందు పెరిగింది 160. ప్లేట్లు ముందు ఇరుసు కంటే ముందుకు వేలాడుతున్నయి కాబట్టి వెనుక టైర్ల మీది నుంచి 40 కిలోలు గుంజినయి. రోటావేటరుకు ఇది నష్టం కాదు, ఎందుకంటే దాని బ్లేళ్లు ముందుకే తిరుగుతయి, తిరుగుకుంట బండిని ముందుకు నూకుతయి. వెనుక టైర్లకు గుంజే పని పెద్దగ ఉండదు. రోటావేటరు కొట్టేటోళ్లు వెనుక టైర్లల్ల నీళ్లు పోసుకొని తిరుగుడు నాకైతే అర్థం కాదు. ఆ పనికి కావాల్సింది ముందు బరువు. గొర్రుకు, మన్ను తిరగేసే పల్టీ నాగలికి కావాల్సింది వెనుక బరువు. మా దిక్కు రెండింటికీ ఒకటే మందు వేస్తరు.

గొర్రు పనికి నీళ్లు పోసే ముందు ఇంకొకటి చూసుకోవాలె. సీటు పక్కన లిఫ్టు లివర్లు రెండు ఉంటయి. ఒకటి పొజిషన్, ఇంకోటి డ్రాఫ్ట్. చాలామంది డ్రైవర్లు రెండోదాన్ని ముట్టనే ముట్టరు. డ్రాఫ్ట్ లివరుతోని దున్నితే, నేల గట్టిగ తగిలినప్పుడు హైడ్రాలిక్ తనంతట తానే గొర్రును జర లేపుతది. అట్ల లేపినప్పుడు గొర్రు బరువు, దాని మీద పడే మన్ను బరువు కొంత వెనుక టైర్ల మీదికి వస్తది. రూపాయి ఖర్చు లేని బరువు. పనిముట్టును మూడు కడ్డీలతోని బండికి తగిలించి హైడ్రాలిక్‌తోని నడిపే ఈ మూడు లింకుల పద్ధతిని తెచ్చింది ఐర్లండుకు చెందిన హ్యారీ ఫెర్గూసన్. 1939ల ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టరుతోని అది అందరి చేతుల్లోకి వచ్చింది. తేలికైన బండితోని భారీ బండి పని చేయించుడు ఆయన ఆలోచన. దున్నేటప్పుడు నాగలి తట్టుకుంటే ట్రాక్టరు వెనుకకు లేచి డ్రైవరు మీద పడే గండం గూడ దాంతోని తగ్గింది. అంత మంచి లివరు మా డ్రైవర్ల కాడ దుమ్ము పట్టి ఉన్నది. దాన్ని సరిచేసుకున్నంకనే నా స్లిప్ కొంత దిగింది. మిగిలిందానికే నీళ్లు.

నీళ్లు పోసే పని పంక్చర్ షాపు కాడ పెట్టుకున్నం. భాయ్ దగ్గర గాలి, నీళ్లు రెండూ పోయే అడాప్టరు ఉన్నది. అది లేకుంటే ఈ పని పెట్టుకోవద్దు. గట్టి నేల మీద బండి నిలిపి, ముందు టైర్లకు రాళ్లు అడ్డం పెట్టి, ఇరుసు కింద జాకీ, దాని పక్కన కట్టె దిమ్మె పెట్టినం. జాకీ ఒక్కదాన్నే నమ్ముకొని టైరు కాడ కూసోవద్దు. టైరును తిప్పి వాల్వ్‌ను సరిగ్గ పైకి తెచ్చి, పిన్ను తీసి గాలి వదిలినం. షాపు మీది ట్యాంకు నుంచి పైపు వేసి అడాప్టరుకు కలిపితే నీళ్లు లోపలికి పోతుంటయి, లోపలి గాలి పక్క బెజ్జం నుంచి బుసబుస బయటికి వస్తుంటది. బెజ్జం నుంచి నీళ్లు కారుడు మొదలైందంటే నీళ్లు వాల్వ్ ఎత్తుకు వచ్చినట్టు, అంటే టైరుల ముప్పావు భాగం నిండినట్టు. అక్కడ ఆపాలె. "మొత్తం నింపుదాం పటేలా, ఇంకింత బరువు వస్తది" అని పక్కన కూసున్న ఒక పెద్దమనిషి సలహా ఇచ్చిండు. నీళ్లు నలిగేటివి కావు, గాలి నలుగుతది. గాలికి జాగ లేకుంటే టైరు బండరాయి తీరు అయితది, గుంతల పడ్డప్పుడు దెబ్బ అంతా రిమ్ముకు, ఇరుసుకే.

13.6-28 టైరుల ముప్పావు దాక అంటే సుమారు 190 లీటర్లు. అంటే టైరుకు 190 కిలోలు, రెండింటికి 380. తరువాత పిన్ను బిగించి, వాల్వ్ పైన ఉన్నప్పుడే గాలి 14 పీఎస్‌ఐ దాక పట్టినం. వాల్వ్ కింద ఉండంగ గేజీ పెడితే గేజీలకు నీళ్లు ఎక్కి అది చెడిపోతది. ముందు టైర్లకు ప్లేట్లు పెట్టినం కాబట్టి గాలి కొంచెం పెంచుకోవాలె, బండి పుస్తకంల రాసిన హద్దు లోపల. పుస్తకంల బండికి ఎంత బరువు దాక కట్టొచ్చో గూడ రాసి ఉంటది, ప్లాస్టిక్ కవరు చింపి చూస్తే కనపడ్తది.

మా బోరు నీళ్లు సౌడు నీళ్లు. టీ పెడితే రుచి తెలుస్తది, మర్రిగూడ, మునుగోడు దిక్కోళ్లకు నీళ్ల సంగతి కొత్తగ చెప్పే పని లేదు. మన ట్రాక్టరు టైర్లకు ట్యూబులు ఉంటయి కాబట్టి నీళ్లు రిమ్ముకు తగలవు, తుప్పు భయం తక్కువ. ఇసుక రాకుండ పైపు మూతికి గుడ్డ కట్టుకుంటే చాలు, వాల్వ్ పిన్ను కాడ ఇసుక చేరితే గాలి దిగుతది. చలి దేశాలల్ల టైరుల నీళ్లు గడ్డకడతయని కాల్షియం క్లోరైడ్ ఉప్పు కలుపుతరు. మే నెల నల్లగొండ ఎండల మనకు ఆ బాధ లేదు.

కాంటా మీద నీళ్లు పోసిన బండి ఉత్తగ 2,310 తూగింది, ముందు ప్లేట్లు తీసి. ముందు అదే 730. నీళ్లు వెనుక ఇరుసు మీదనే ఉంటయి కాబట్టి ముందు నుంచి ఏం గుంజవు, అది నీళ్ల మంచి గుణం. మళ్లీ అదే చెల్కల, అదే లోతుల మేకులు పాతి కొలిస్తే ఈసారి ఎనిమిది ముప్పావు సుట్లు. స్లిప్ పన్నెండున్నర శాతం. గొర్రు లోతు పట్టింది, ఇంజను మోత తగ్గింది. సాయంత్రం దాక అదే గేరుల పోయినా ట్యాంకుల డీజిలు ఎప్పటి కంటే మీదనే ఉన్నది.

మధ్యప్రదేశ్ బుద్నీల, మనకు దగ్గర అనంతపురం జిల్లా గార్లదిన్నెల కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల పరీక్ష సంస్థలు ఉన్నయి. బుద్నీ రిపోర్టులు ఇంటర్నెట్ల చూడొచ్చు. మా అన్న కొడుకు ఫోన్ల తీసి చూపిచ్చిండు. బరువు కట్టకుండ ఎంత గుంజింది, కట్టినంక ఎంత గుంజింది అని వేరువేరుగ రాస్తరు. కొత్త బండి కొనేటోళ్లు బ్రోచరు కంటే ఆ కాయితం చదువుకుంటే మంచిది.

దుబ్బల మాత్రం నీళ్లు పోసినా అంత లాభం కనపడలే. అక్కడ మన్నే కాలి కింద జారిపోతది. బరువు పెంచిన కొద్దీ టైరు కూరుకుపోతది. దుబ్బకు పదును చూసుకొని దిగాలె, గాలి రెండు పాయింట్లు తగ్గించాలె, లోతు తగ్గించి రెండు సార్లు దున్నాలె. తగ్గించిన గాలితోని రోడ్డెక్కితే మాత్రం టైరు పక్కలు పగులుతయి.

బత్తాయి తోటలల్ల, గుట్ట వాలుల పక్కకు పడే భయం ఎక్కువ. నీళ్లు టైరుల కింది భాగంలనే ఉంటయి కాబట్టి బండి నేలకు అతుక్కొని నడిచినట్టు ఉంటది, ఇది నాకు అనుకోకుండ దొరికిన లాభం. దాని కంటే ఎక్కువ ఫాయిదా టైర్ల నడుమ ఎడం పెంచుడుల ఉన్నది. రిమ్ములు తిరగేసి బిగిస్తే వెనుక టైర్లు బయటికి వస్తయి. తోట సాళ్లు ఒప్పుకుంటే అది చేసుకోవాలె. గెట్టు దాటేటప్పుడు అడ్డంగ కాకుండ నిలువుగ, రోటావేటరు నేలకు జర పైన ఉండేటట్టు లేపి, మెల్ల గేరుల దాటాలె. మొత్తం పైకి లేపి పోతే బరువు ఎత్తుకు ఎక్కుతది.

ట్రాలీ సంగతి వేరే. నాది రెండు టైర్ల ట్రాలీ, దాని లోడు కొంత హుక్కు మీద పడ్తది. బస్తాలు ముందుకు పేరిస్తే వెనుక టైర్లకు పట్టు వస్తది, ముందు తేలుతది. మరీ వెనుకకు పేరిస్తే హుక్కు పైకి లేస్తది, పెద్ద టైర్లు పట్టు తప్పుతయి. ఇరుసు మీద సమంగ పేర్చి, కొంచెం ముందుకు వాలేటట్టు చూసుకుంటున్న. రోడ్డు మీద ముందు ప్లేట్లు ఉంచుతున్న, ఎక్కుడు కాడ స్టీరింగు చేతిల ఉంటది. రెండు బ్రేకు పెడళ్లను కలిపే కొండి వేసుకునే రోడ్డెక్కాలె. చేన్ల మలుపులకు విడగొట్టి, రోడ్డు మీద కలుపుడు మర్చిపోతే ఒక్క దిక్కే బ్రేకు పడి బండి తిరగబడ్తది. ట్రాలీకైనా, దిగబడ్డ ఇంకో బండిని గుంజుడుకైనా గొలుసు వెనుక కింద ఉండే డ్రాబారు కడ్డీకే కట్టాలె. టాప్‌లింక్ అనే పై కడ్డీ కాడ కట్టి గుంజితే గుంజే బలం ఇరుసు కంటే మీద పడ్తది, ముందు టైర్లు లేసి రెప్పపాటుల బండి వెనుకకు బోర్లపడ్తది. అప్పుడు ముందు ప్లేట్లు ఉన్నా ఆగదు.

ఆయకట్టుకు పోయే ముందు నీళ్లు తియ్యాల్సిందే. చాలామంది ఇక్కడనే బద్ధకిస్తరు. పోసుడు కంటే తీసుడు ఎక్కువ పని మరి. వాల్వ్ కిందికి తెచ్చి పిన్ను తీస్తే కొంత దాక మంచిగనే వస్తయి, తరువాత ఆగిపోతయి. గాలి పట్టి నూకి, మళ్లీ వదిలి, అట్ల తీసుకుంట పోవాలె. అయినా అడుగున కొన్ని మిగులుతయి. కాని 380 కిలోల నీళ్లతోని కరిగెటల దిగితే బురద అడుగున ఉన్న గట్టి పొర తెగుతది, బండి బొడ్డు దాక కూసుంటది. వరి మడికి ఆ గట్టి పొరే నీళ్లు నిలబెట్టేది. దాన్ని తెంపినోని మీద పొలం ఆసామి ఆ సీజను మొత్తం కోపం మీదుంటడు. కరిగెటకు తేలిక బండి, ఇనుప చక్రాలు. ప్లేట్లు రెండో మూడో ఉంచి మిగిలినయి తీస్తున్న, బురద కలిపే పడ్లరు తేలికది కాబట్టి.

దిగబడ్డప్పుడు పెద్ద టైరు ముందు మొద్దు కట్టి ఎక్కిద్దామనే ఉపాయం మా దిక్కు అందరికీ తెలుసు. అది చెయ్యొద్దు. మొద్దు తట్టుకొని చక్రం తిరగకుంటే ఇంజను బలానికి బండే ఇరుసు చుట్టూ తిరుగుతది, ముందు లేస్తది. వెనుకకు తొవ్వి, రివర్సుల తియ్యాలె, కాకుంటే ఇంకో బండితోని గుంజాలె.

నీళ్లు పోసిన టైరు పంక్చరైతే అదొక తిప్పలు. మా దిక్కు సర్కారు తుమ్మ ముల్లు లేని చేను లేదు. టైరు విప్పితే నీళ్లతోని కలిపి ఇద్దరు పట్టినా ఆగదు, మీద పడితే కాలు విరుగుతది. ముందు నీళ్లు తీసి, తరువాతనే విప్పాలె. భాయ్ దీనికి డబుల్ తీసుకుంటడు, నేను బేరం చెయ్య.

మా వాడకట్టుల ఒకాయన మొన్న 50 హెచ్‌పీ ఫోర్‌వీల్ డ్రైవ్ బండి తెచ్చిండు. తెచ్చుడుతోనే "నాకు గూడ వెనుక నీళ్లు పోపిద్దాం బావా" అన్నడు. ఫోర్‌వీల్ బండికి ముందు టైర్లు గూడ గుంజుతయి, దానికి ముందు 40, వెనుక 60 దగ్గర ఉండాలె. ముందు ఇరుసుల డ్రైవు గేర్లు ఉంటయి కాబట్టి ఉత్తగనే ముందు బరువుంటది. ఆయన పెద్ద రోటావేటరు గూడ కొన్నడు, పల్టీ నాగలి గూడ కొన్నడు, రెండింటికీ లెక్క వేరే. ముందుగాల కాంటా ఎక్కిద్దామన్న. జిన్నింగు మిల్లు పిల్లగానికి ఫోన్ చేసిన, సోమారం పొద్దుగాల రమ్మన్నడు, రోటావేటరు, నాగలి రెండూ తీస్కొని.